ఏట్లో ఆగిన తొండం జీపు

"బండి ఆగినప్పుడు నీళ్ళు యాడిదాకా ఉండె మామా? నిలబడి చూపించు," అంది ధాత్రి.

చెంగల్రాయుడు నులకమంచం మీంచి లేచాడు. పంచె పైకి లాగి, మోకాలికి కాస్త కిందుగా చేత్తో గీత గీశాడు.

"ఇంతే పాపా. ఆ నీళ్ళలో మా దూడ కూడా దాటిపోతాది."

"యాడ ఆగింది? దిగేటప్పుడా, నడి ఏట్లోనా?"

"ఈ దరి వాలు దిగినాను. ముందు చక్రాలు నీళ్ళలో పడినాయో లేదో డగ్గుమని ఒక శబ్దం. అంతే. మళ్ళీ చావి తిప్పితే కదల్లే. గోడకు గుద్దుకున్నట్టు నిలబడిపోయింది."

"దానికి ముందు దగ్గిందా? పొగేమన్నా వచ్చిందా?"

"తెల్ల పొగ వచ్చింది. వాలు దిగతా ఉండంగానే."

ధాత్రి ఆ మాటను విడిగా దాచుకుంది. వాలు దిగుతుండగానే. అంటే చక్రాలకు నీళ్ళు తగలకముందే.

తిరువళ్ళూరులో మిఠాయి కొట్టు మేడమీద గది అద్దెకు తీసుకుని డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నాక ఆమెకు వచ్చిన కేసుల్లో చాలావరకు పెళ్ళి సంబంధాల విచారణలే. పిల్లవాడు తాగుతాడా, పిల్లకు వేరే మనసుందా అని తిరిగి తిరిగి విసుగెత్తిపోయింది. అంతకుముందు ఇన్సూరెన్సు కంపెనీలో పనిచేసినన్నాళ్ళూ ఆమెది గుద్దుకున్న కార్లు, మునిగిన వ్యాన్ల లోకం. అందుకే నిన్న తిరుత్తణి నుంచి ఎస్తేర్ ఫోన్ చేసి, జీపు కేసు ఒకటుంది వస్తావా అనగానే, ధాత్రి అడ్రసు కూడా సరిగ్గా వినకుండా వస్తానంది.

ఎస్తేర్ ఇప్పుడు జీపు పక్కనే చేతులు కట్టుకుని నిలబడి ఉంది. పాత జీపులకు కొత్త హంగులు బిగించడంలో తిరుత్తణి చుట్టుపక్కల ఆమె షెడ్డుకు పేరుంది. ఆ పేరు సంగతి ఆమెకూ బాగా తెలుసు, నలుగురికీ చెబుతుంది కూడా. చెంగల్రాయుడి జీపుకు స్నార్కెల్ బిగించింది ఆమే. బానెట్ కింద ఇంజను గాలి పీల్చే నోరుంటుంది. నీళ్ళు అక్కడిదాకా వస్తే ఇంజను వాటిని మింగి చస్తుంది. మడ్‌గార్డుకు రంధ్రం చేసి, ఆ నోటిని ఒక నల్లటి గొట్టంతో ముందు అద్దం పక్కగా పైకప్పు ఎత్తుకు తీసుకుపోతే అదే స్నార్కెల్. ఊళ్ళో ఎవరికీ ఆ మాట నోరు తిరగక తొండం అన్నారు. జీపు తొండం జీపయింది.

అది సరదాకు బిగించుకున్నది కాదు. ఈ పల్లెకూ పళ్ళిపట్టుకూ మధ్య ఏరుంది. వానలొస్తే దాని మీది నేలబారు వంతెన, కాజ్‌వే, మునుగుతుంది. అప్పుడు ఊరి పాలన్నీ అవతలి దరికి చేరాలంటే చెంగల్రాయుడి జీపే దిక్కు. అలాంటి జీపు, తొండం పెట్టుకున్న కొన్నాళ్ళకే, శుక్రవారం పొద్దున మోకాలి కింది నీళ్ళలో చచ్చి ఊరుకుంది. ట్రాక్టరు కట్టి వెనక్కి లాక్కొచ్చారు. ఇన్సూరెన్సు వాళ్ళు వచ్చి బానెట్‌కు సీలు వేసిపోయారు. ఇవాళ్టిదాకా దాన్ని ఎవరూ ఎత్తలేదు.

"చెన్నై పిలకాయలు నా కాడ తొండాలు పెట్టించుకుంటామని రాసుకున్నోళ్ళంతా ఆగిపోయినారు ధాత్రీ," అంది ఎస్తేర్. "ఎస్తేర్ తొండం నీళ్ళు తాగుతాదంట అని ఊరూరా చెప్పుకుంటా ఉండారు. ఈ మాట పోకపోతే నా షెడ్డుకు తాళమే."

అప్పుడే తెల్ల కారు ఒకటి వచ్చి పశువుల కొట్టం ముందు ఆగింది. దిగినవాడు చొక్కా ముడత సరిచేసుకుని, బూట్లకు పేడ అంటకుండా అడుగులు వెతుక్కుంటూ వచ్చాడు.

"ఏమ్మా ధాత్రీ, స్వీట్ స్టాల్ ఆఫీసు ఎట్లుండాది? లడ్డూలన్నా దొరుకుతాయి కదా."

"దొరుకుతాయి సార్. మీకోసం ఒక డబ్బా తెచ్చినా. కేసు ఓడిపోయినాక ఇస్తాను."

మోహన్‌రాజ్ నవ్వాడు. తిరునిన్రవూరు మనిషి, సీలు వేసిన ఆ ఇన్సూరెన్సు కంపెనీలోనే ధాత్రికి ఒకప్పటి పై అధికారి. చచ్చిన ఇంజను దగ్గర ముక్కు ఎలా వాడాలో ఆమెకు నేర్పింది ఆయనే. ఆ నేర్చుకున్నదాన్ని ఆయన మీదే ప్రయోగిస్తుందని ఆయన అప్పట్లో అనుకోలేదు.

"కేసు అయిపోయింది," అన్నాడు మోహన్‌రాజ్. "రెండే దారులు. పనిమంతురాలు గొట్టం సరిగ్గా బిగించలేదు, జాయింట్లలో నీళ్ళు దూరినాయి. లేదంటే పెద్దాయన ముసలి బండిని కావాలనే లోతులోకి తోలి ముంచినాడు. సుమ్మా, ఊరికే మోకాలి నీళ్ళలో ఇంజను చచ్చిందంటే ఎవరు నమ్ముతారు?"

"నా బండిని నేను చంపుకుంటానా సార్?" అన్నాడు చెంగల్రాయుడు. గొంతు పెంచలేదు. దాని బానెట్ మీద చేయి వేసి అడిగాడు, అంతే.

"సీలు తీయండి సార్," అంది ధాత్రి. "రెండు దారులూ చూద్దాం."

మోహన్‌రాజ్ సీలు కాగితం చింపాడు. ధాత్రి బానెట్ ఎత్తి, ఇంజను వైపు చూడకుండా తల వెనక్కి వాల్చి బానెట్ లోపలి వైపు చూసింది.

"సార్, ఇట్ల రండి. ఇదేంది?"

"దుమ్ము."

"దుమ్ము పక్కన?"

మోహన్‌రాజ్ కళ్ళజోడు సర్దుకున్నాడు. "సాలెగూడు."

"నీళ్ళు ఫ్యాను దాకా వచ్చుంటే ఫ్యాను ఊరుకుంటాదా? బురదంతా పైకి చిమ్మికొట్టుండాల. ఈ దుమ్ము పొడిగా ఉంది. సాలీడు కూడా ఇల్లు ఖాళీ చేయలేదు. బండిని లోతులోకి తోలినాడన్న దారి మూసుకుపోయింది."

చెంగల్రాయుడు మంచం మీద మళ్ళీ కూర్చున్నాడు. ఈసారి కాలు మీద కాలు వేసుకున్నాడు.

"ఇంకో దారుంది కదా," అన్నాడు మోహన్‌రాజ్.

"జాయింట్లు మోకాలి కింద లేవు సార్. తొండం మడ్‌గార్డు పైనుంచి మొదలవుతాది. మోకాలి నీళ్ళు అంత పైకి ఎగిరి దూరాలంటే వాటికి రెక్కలుండాల."

"అయితే నీళ్ళే తగల్లేదు. ఇంజను ముసలిదై చచ్చింది. దానికి కంపెనీ ఏం చేస్తుంది?"

"ముసలితనానికి తెల్ల పొగ రాదు. ఎస్తేర్, ఫిల్టర్ డబ్బా విప్పు."

తొండం నుంచి దిగిన గాలి ఇంజనులోకి పోయేముందు ఒక గుండ్రటి ఇనప డబ్బాలో ఆగుతుంది. దుమ్మును వడకట్టే ఫిల్టర్ అందులోనే ఉంటుంది. ఎస్తేర్ స్పానరు తిప్పి, క్లిప్పులు లాగి, మూత తీసింది. తీసిన మరుక్షణం ముఖం పక్కకు తిప్పుకుంది.

పుల్లటి వాసన కొట్టమంతా నిండింది.

ధాత్రి వంగి చూసింది. డబ్బాలో సగం దాకా తెల్లగా, గట్టిగా, పైన పలచని నీళ్ళు తేలుతూ ఏదో ఉంది. స్క్రూడ్రైవర్ కొనతో కదిపింది. ముక్కగా విరిగింది.

"సార్," అంది నిదానంగా, "పెరుగు."

కొట్టంలో ఆవు ఒకటి తల తిప్పి చూసింది.

"పెరుగేంది?" అన్నాడు మోహన్‌రాజ్.

"పాలు లోపలికి పోయి ఇంజను వేడికి వెచ్చబడినాయి. తరవాత మీరు సీలు వేసి ఎవరినీ ముట్టుకోనియ్యలే. తోడుకుంది. మా ఇంట్లో కూడా ఇంత గట్టిగా రాదు."

మోహన్‌రాజ్ తేరుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. "ఇది పాల బండి. దినమూ క్యాన్లు మోస్తాది. పాలుంటే వింతేముంది?"

"క్యాన్లు వెనకాల ఉంటాయి. ఈ డబ్బా ముందర, బానెట్ కింద, మూత బిగించి ఉంది. వెనక ఒలికిన పాలు ముందుకు నడిచొచ్చి, మూత తీసుకుని, మళ్ళీ మూసుకున్నాయా? దీనికి పైనుంచి ఒకే ఒక దారి. తొండం నోరు."

"సరే. తొండంలోంచే పోయింది. అంటే తొండం తప్పే కదా. పనిమంతురాలు దొరికిపోయిందా లేదా?"

"ఆ మాట మీరంటారనే చూస్తా ఉండా," అంది ధాత్రి. ఆమె ముఖం వెలిగిపోయింది. "ఎస్తేర్, మామూలు బండికి ఈ డబ్బా అడుగున ఏముంటాది?"

"చిన్న రంధ్రం. లోపల తడి చేరితే కారిపోయేదానికి," అంది ఎస్తేర్. "తొండం పెట్టేటప్పుడు దాన్ని మూసేయాల. లేకుంటే ఏట్లో దిగినప్పుడు అడుగునుంచి నీళ్ళు ఎక్కేస్తాయి. నేను రబ్బరు మూత కొట్టి, పేస్టు పూసి, పైన సన్న కమ్మీ తీగ చుట్టినా."

"చూసినారా సార్? పాలు ఇన్ని దినాలు డబ్బాలోనే నిలిచినాయి. ఒక్క చుక్క కారలే. లోపలి పాలను బయటికి వదలని మూత, బయటి నీళ్ళను లోపలికి రానిస్తాదా? ఈ పెరుగే ఎస్తేర్ పనితనానికి సాక్షి. డబ్బాలో కూర్చున్న పాలు చదును నేల మీద ఏం చేయలే. వాలు దిగేటప్పుడు బండి ముక్కు వంగింది. పాలన్నీ ముందుకు పరిగెత్తి ఇంజను నోట్లో పడినాయి. అందుకే నీళ్ళు తగలకముందే తెల్ల పొగ."

మోహన్‌రాజ్ డబ్బాలోకి చూశాడు. ధాత్రి వైపు చూశాడు. జేబులోంచి రుమాలు తీసి మెల్లగా ముక్కు తుడుచుకున్నాడు. ఆయన ఓటమిని అలాగే ఒప్పుకుంటాడని ధాత్రికి పాత రోజులనుంచి తెలుసు.

"అయితే ఎవరో కావాలని పోసినారు," అన్నాడు. "ఎవరు?"

ధాత్రి అప్పటికే ఫిల్టర్‌ను పైకెత్తి వెలుతురులో పట్టుకుంది. కాగితం మడతల్లో పసుపు రంగు మరకలున్నాయి. రెండు మడతల మధ్య సన్నటి పచ్చగడ్డి పోచ ఒకటి ఇరుక్కుంది. గోటితో లాగి అరచేతిలో పెట్టుకుంది. ఆమెకు నవ్వు వచ్చింది గానీ అప్పుడే బయటపెట్టలేదు.

చెంగల్రాయుడి భార్య వరదమ్మ అప్పుడే కాఫీ గ్లాసులు పళ్ళెంలో పెట్టుకుని వచ్చింది. అందరికీ ఇచ్చింది. జీపు వైపు మాత్రం చూడలేదు. ధాత్రి అది గమనించింది.

"అత్తా, కాఫీ బాగుండాది. ఇంటి పాలేనా?"

"మా ఆవు పాలేమ్మా."

"మంచి చిక్కగా ఉండాయి. మీ తొండం పిళ్ళయార్‌కు, ఆ వినాయకుడికి నచ్చినాయా?"

"నచ్చక యాడికి పోతాడు, నా చేత్తోనే ఒక చెంబు..." అని వరదమ్మ చటుక్కున ఆగిపోయింది. పళ్ళెం గుండెలకు ఆనించుకుంది.

"ఒక చెంబేనా అత్తా?"

వరదమ్మ మొగుడి వైపు చూసింది. ఆయన నోరు తెరుచుకుని ఉంది. ఇక దాచి లాభం లేదనుకుని ఆమె అక్కడే కూర్చుండిపోయింది.

"దానికి తొండం పెట్టినారు కదమ్మా. పొద్దున్నే పసుపు పూసి, బొట్టు పెట్టి, గరిక పెట్టినా. ఎండకు దాహంగా ఉంటాదేమో అని చెంచాడు పాలు నోటి కాడ పెట్టినా. లోపలికి పోయినాయి. ఇంకో చెంచా పెట్టినా. అవి కూడా పోయినాయి. ఒకప్పుడు ఊరూరా గుళ్ళో పిళ్ళయార్ విగ్రహాలు పాలు తాగినాయని చెప్పుకుంటే నేను చూడలేకపోయినా. ఇప్పుడు మా వాకిట్లోనే తాగతా ఉంటే ఎట్ల ఆపేది?"

"మీరొక్కరేనా?"

"సరసమ్మకు మాత్రమే చెప్పినా."

సరసమ్మ పక్కింటావిడ. ఆమె గోడ అవతలి నుంచి ఇదంతా వింటూనే ఉందని ఆ క్షణంలో తేలిపోయింది. "నేను రెండు గ్లాసులు పోసినా. పొయ్యకుండా ఉంటే తప్పు కదా," అంది గోడ మీంచి తల పెట్టి. ఆమె వెనక ఇంకో గొంతు, తను పాలలో చక్కెర కూడా కలిపానంది. తొండం ఎవరి గ్లాసును ముందు ఖాళీ చేసిందో అన్న విషయం మీద గోడకు అటుపక్క చిన్న వాదన మొదలైంది. శుక్రవారం పొద్దున, చెంగల్రాయుడు స్నానం చేసి వచ్చేలోపల, వీధి మొత్తం వరసగా వచ్చి జీపుకు పాలు తాగించి పోయింది.

ముందుగా నవ్వింది ఎస్తేర్. కడుపు పట్టుకుని, జీపు టైరుకు ఆనుకుని నవ్వింది. తరవాత చెంగల్రాయుడు. మోహన్‌రాజ్ నవ్వకూడదని చాలాసేపు పెదవులు బిగించి, కాఫీ పొలమారి, చొక్కా మీద పోసుకున్నాడు.

"పై ఆఫీసులో ఏమని చెప్పేది?" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "భక్తి వల్ల ఇంజను చచ్చిందనా?"

"మోసం లేదని చెప్పండి సార్. బిగింపులో తప్పు లేదని చెప్పండి. చాలు."

"అవి రెండూ కండిప్పా, తప్పకుండా చెబుతాను. లడ్డూ డబ్బా ఇటివ్వు."

ఎస్తేర్ అప్పటికే ఇంజను మీద వంగి చూస్తోంది. లోపలి పాలు కక్కిస్తే, ఇంజను రాడ్డు వంగి ఉండకపోతే, వారంలో బండి మళ్ళీ ఏరు దాటుతుందని చెప్పింది. వరదమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని జీపు దగ్గరికి వచ్చింది.

"నాకేం తెలుసు తల్లీ. మంచే అనుకున్నా. ఈ దినం మా వదిన తులసమ్మ కూడా అదే పని చేసుంటాది. వాళ్ళ బండికి కూడా పోయిన వారం తొండం పెట్టినారు కదా. మాది తాగిందని చెప్పినా."

ధాత్రి నవ్వు ఆగిపోయింది. "ఆ బండి యాడుండాది అత్తా?"

"వాళ్ళ కొడుకు జయచంద్ర తోలుకోని పోతాడు. అవతలి దరిలో మా ఊరి పిల్ల ఉష సీమంతం. మా బండి లేదని ఆడోళ్ళంతా వాళ్ళ జీపులోనే. ఈ పాటికి బయలుదేరుంటారు."

"ఎగువన డ్యామ్ గేట్లు ఎత్తినారు," అన్నాడు చెంగల్రాయుడు లేస్తూ. "ఇవాళ ఏట్లో నడుముల దాకా నీళ్ళు."

వెంటనే అందరూ కదిలారు. మోహన్‌రాజ్ కారులో ముందు సీట్లో ధాత్రి, వెనక ఎస్తేర్, తన సామాన్ల సంచి. చెంగల్రాయుడు ట్రాక్టరు ఎక్కాడు. పొలాల మధ్య దారిలో బూట్ల సంగతీ కారు సంగతీ మరిచిపోయి మోహన్‌రాజ్ తోలాడు.

కాజ్‌వే దగ్గర జయచంద్ర జీపు వాలు అంచున నిలబడి ఉంది. తొండానికి మల్లెపూల దండ. లోపల ఆడవాళ్ళు గాజుల పళ్ళేలు, పండ్ల తట్టలు ఒళ్ళో పెట్టుకుని పాట ఎత్తుకున్నారు. జయచంద్ర ముందు చక్రం కింద నిమ్మకాయ పెట్టి, ఎక్కి కూర్చుని చావి వైపు చేయి చాపాడు.

ధాత్రి కారు పూర్తిగా ఆగకముందే దిగి పరిగెత్తింది. "అన్నా, వద్దు. బండి తీయొద్దు."

"ఎందుకమ్మా? నిమ్మకాయ పెట్టినా కదా."

"పాలు పోసినారా దీనికి?"

"బ్రహ్మాండంగా తాగినాడు," అంది తులసమ్మ వెనక సీట్లోంచి గర్వంగా. "నాలుగు చెంబులు. మా వరదమ్మ బండి కంటే ఎక్కువ."

ఎస్తేర్ బానెట్ ఎత్తింది. ఆడవాళ్ళు దిగి చుట్టూ చేరారు. క్లిప్పులు లాగి డబ్బా మూత తీసింది. ధాత్రి తల వంచింది.

డబ్బా ఖాళీగా ఉంది. అడుగున తెల్లటి తడి మాత్రం మెరుస్తోంది.

"అంతా తాగేసినాడు చూడు," అంది తులసమ్మ.

ధాత్రి డబ్బా అడుగుకు చేయి పెట్టింది. వేలు సూటిగా రంధ్రంలోకి దూరింది. మూత లేదు. కమ్మీ వేలాడుతోంది. వంగి చూస్తే దాని కొన తళతళలాడుతోంది. తెగి రాలేదు, కటింగ్ ప్లేయరుతో కత్తిరించారు.

"ఎస్తేర్, దీనికి మూత వేసినావా?"

"నా చేత్తో వేసినా. నేనెందుకు మరుస్తాను?"

పోసిన పాలు పోసినట్టే కారిపోయాయి. నడుముల లోతు నీళ్ళలో ఈ జీపు దిగివుంటే, అదే రంధ్రంలోంచి ఏరు లోపలికి ఎక్కేది. మోహన్‌రాజ్ ఆ తెగిన కమ్మీని చూశాడు. ఈసారి రుమాలు తీయలేదు.

"అన్నా, ఈ బానెట్ ఎవరన్నా విప్పినారా?" అంది ధాత్రి.

"నిన్న ఒకాయన వచ్చినాడు," అన్నాడు జయచంద్ర. "ఎస్తేరక్క పంపించింది, బిగింపు చూసిపొమ్మనింది అన్నాడు. షెడ్డు పేరు రాసిన టోపీ పెట్టుకోని ఉన్నాడు. మర్యాదగా మాట్లాడినాడు. కాఫీ కూడా ఇచ్చినాము."

"నేనెవరినీ పంపలే," అంది ఎస్తేర్. "నా షెడ్డుకు టోపీల్లేవు."

జయచంద్ర ముఖంలో రంగు మారింది. "ఇంకా ఎవరెవరి బండ్లకు అక్క తొండాలు పెట్టిందని అడిగినాడు. పూండి పక్క పిలకాయల పేర్లు చెప్పినా. అరవింద్, వాళ్ళ స్నేహితులు. ఇవాళ వాళ్ళు వాగు దాటే పందెం పెట్టుకున్నారని కూడా చెప్పినా."

ఎస్తేర్ ఫోన్ ధాత్రి చేతిలో పెట్టింది. "అరవింద్ నెంబరు. నువ్వు మాట్లాడు. నా చేతులు ఖాళీ లేవు." సంచిలోంచి కొత్త మూత తీసి, పేస్టు పూసి, రంధ్రంలోకి కొట్టి, కమ్మీ రెండు చుట్లు చుట్టింది. లేచి బానెట్ మూసి దాని మీద చరిచింది. "పో అన్నా. ఇప్పుడు పో."

జీపు వాలు దిగింది. చెంగల్రాయుడి ట్రాక్టరు కాపలాగా వెనకే నిలబడింది. నీళ్ళు చక్రాలు ముంచాయి, లైట్లు ముంచాయి, బానెట్ మీదికి అలలాగా ఎక్కాయి. మల్లెపూల తొండం మాత్రం పైన నిటారుగా, ధాటిగా గాలి పీలుస్తూ సాగిపోయింది. నడి ఏట్లో ఆడవాళ్ళు ఆపిన పాటను మళ్ళీ ఎత్తుకున్నారు. అవతలి గట్టెక్కి జీపు రెండుసార్లు హారన్ కొట్టింది. ఎస్తేర్ రెండు చేతులూ పైకెత్తి ఊపింది.

ధాత్రి చెవి దగ్గర ఫోన్ మోగుతూనే ఉంది. మోహన్‌రాజ్ కారు తిప్పి, తలుపు తెరిచి పట్టుకున్నాడు.

అవతల ఎవరో ఎత్తారు. నీళ్ళ హోరు, నాలుగైదు ఇంజన్ల మోత, కుర్రాళ్ళ కేకలు.

"ఎస్తేరక్కా, ఆశీర్వాదం చెప్పు," అన్నాడు అరవింద్ ఉత్సాహంగా. "మొదటి బండి నాదే. దిగేస్తా ఉండా. నువ్వు పంపించిన మెకానిక్ కూడా నా పక్కనే కూర్చోనుండాడు."

ఫోన్ కట్టయింది.